కలకత్తా క్రీడారత్నము – మహమ్మద్ సలీం

ఉద్యోగరీత్యా వంగదేశమునకు వచ్చిన ఆంధ్రులకు కలకత్తా మైదానము అపరిచితము కాదు. ఫోర్టు విలియం కోట చుట్టును పరచుకొనియున్న ఆ పచ్చిక బయలు నగరమునకు ఊపిరి వంటిది. తొలకరి చినుకులు పడిన నాటినుండి ఆ బయలున ఫుట్‌బాల్ ఆటల సందడి ప్రారంభమగుట వంగదేశమున తరతరముల ఆచారము. కచేరీలు మూయుటయే తడవుగా గుమాస్తాలును, విద్యార్థులును, ఓడరేవు కూలీలును గొడుగులు చేతబట్టుకొని ఆట చూడ పరుగులు తీయుచుండెడివారు. ఆ మైదానమున పెరిగిన క్రీడాకారులలో, పాదరక్షలు లేకయే సముద్రములు దాటి, ఐరోపా ఖండమందలి యొక సుప్రసిద్ధ సంఘము పక్షమున ఆడిన మొదటి భారతీయుడు మహమ్మద్ సలీం. ఆయన అచ్చట ఆడినది రెండే ఆటలు. ఆ రెండు ఆటల తరువాత కోరి వచ్చిన ఉద్యోగమును కాదని ఆయన ఇల్లు చేరెను. ఆ నిర్ణయమును కొందరు అవివేకమనిరి, కొందరు త్యాగమనిరి. ఆయన జీవితమును మొదటినుండి పరిశీలించిననే గాని అది యేమో తెలియరాదు.

బాల్యము

సలీం 1904వ సంవత్సరమున కలకత్తా నగరపు నైరుతి కొనయందున్న మటియాబుర్జు పేటలో, సామాన్యమైన యొక ముస్లిము కుటుంబమున జన్మించెను. ఆ పేటకు ఒక చరిత్ర కలదు. 1856లో ఈస్టిండియా కంపెనీవారు అయోధ్య రాజ్యమును కైవసము చేసికొని, నవాబు వాజిద్ అలీ షాను పదభ్రష్టుని గావించిరి. ఆ నవాబు కలకత్తా చేరి, హుగ్లీ యొడ్డున మటియాబుర్జు నందే నివాసమేర్పరచుకొని, 1887లో మరణించువరకు అచ్చటనే కాలము గడపెను. ఆయన వెంట లక్నోనుండి గాయకులు, నర్తకులు, వంటవారు, దర్జీలు, గాలిపటములు ఎగురవేయుటలో నేర్పరులు తరలివచ్చిరి. నవాబు గతించెను. ఆయన మేడలు శిథిలమయ్యెను. పనివారి సంతతి మాత్రము ఆ సందులలోనే నిలిచిపోయెను. సమీపమున కిద్దర్‌పూరు ఓడరేవు వెలసిన పిదప నావికులును కూలివారును వచ్చి చేరిరి. సంపద లేకున్నను, చేతిపనితనమునందును వినోదమునందును ఆసక్తి తరగని జనము మధ్య సలీం పెరిగెను.

సలీం ఏడేండ్ల బాలుడుగా నున్నప్పుడు కలకత్తాలో ఒక గొప్ప సంఘటన జరిగెను. 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డు తుది పోటీలో ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళపు జట్టును 2–1 గోళ్లతో ఓడించెను. పదకొండుగురు వంగీయులలో పదిమంది ఉత్తకాళ్లతో ఆడిరి. ఒక్క సుధీర్ ఛటర్జీ మాత్రమే బూట్లు ధరించెను. నాయకుడు శివదాస్ భాదురి మొదటి గోలును, అభిలాష్ ఘోష్ రెండవ గోలును సాధించిరి. ఆట చూడ వచ్చిన వేలాది జనములో అనేకులకు మైదానము కంటికే కానరాలేదు. అట్టివారికొరకు గోళ్ల లెక్కను గాలిపటములపై వ్రాసి ఎగురవేసిరని ప్రసిద్ధి. వంగవిభజనవలన గాయపడియున్న ఆ ప్రజలకు అది ఒక ఆట గెలుపు మాత్రమే కాదు. తెల్లదొరలను వారి యాటయందే, సమానమైన నియమములక్రింద, పట్టపగలు ఓడింపవచ్చునను ధైర్యము. ఆ కథను వినుచు పెరిగిన వంగబాలురు లెక్కకు మిక్కిలి. సలీం వారిలో నొకడు.

ఉత్తకాళ్ల విద్య

నాడు భారతీయులు ఉత్తకాళ్లతో ఆడుటకు ప్రధాన కారణము పేదరికమే. తోలుబూట్లు కొనుట సామాన్యులకు శక్యము కాని పని. అయినను కాలక్రమమున ఆ లేమి నుండియే ఒక విద్య పుట్టినది. బంతిని ఆపుటకును, మలపుటకును, ఎదుటివానిని ఏమరించి ప్రక్కకు తప్పించుటకును కాలివ్రేళ్లను చేతివ్రేళ్లవలె వాడుట ఆ ఆటగాండ్ర ప్రత్యేకత. బూటు వేసినవాడు బంతిని తన్నును. ఉత్తకాలివాడు బంతిని తాకి, దాని బరువును, దాని తిరుగుడును చర్మముతోనే తెలిసికొనును.

ఈ విద్యకు పరిమితియు కలదు. కలకత్తా లీగు ఆటలు సరిగా వానకాలముననే జరుగుచుండెను. నేల బురదయైనప్పుడు, తోలుబంతి నీరు త్రాగి బరువెక్కినప్పుడు, ఉత్తకాలు జారును, దెబ్బతినును. మేకులు బిగించిన బూట్లతో నడుచు సైనికుల ఎదుట అది సాహసమే యగును. కావుననే అనాటి భారతీయ జట్లు ఎండలో సింహములై, వానలో వెనుకంజ వేయుచుండెనని చెప్పుకొనెడివారు.

ఆ రోజులలో ముందువరుసయందు ఐదుగురు ఆడుచుండిరి. నడుమ నొకడు, వానికి ఇరుప్రక్కల ఇద్దరు, రెండు అంచులయందు ఇద్దరు. సలీం కుడి అంచున ఆడువాడు, అనగా ఔట్‌సైడ్ రైటు. గీత వెంబడి బంతిని నడుపుకొనిపోయి, అడ్డువచ్చిన వారిని దాటి, గోలు ముంగిట నిలిచిన సహచరునికి అందునట్లు బంతిని ఎత్తి పంపుట అతని పని. గోలు వేసినవాని పేరు పత్రికలలో పడును. బంతినందించిన వాని నేర్పు చూచినవారికే తెలియును. సలీంనకు దక్కిన కీర్తి అధికముగ ఈ రెండవ జాతిదే.

సంఘమునుండి సంఘమునకు

1926లో సలీం మధ్య కలకత్తా యందలి బౌబజారుకు చెందిన చిత్తరంజన్ సంఘమున చేరెను. అటుపిమ్మట మహమ్మడన్ స్పోర్టింగు వారి రెండవ జట్టునందును, స్పోర్టింగ్ యూనియన్ నందును, కొలదికాలము ఈస్ట్ బెంగాల్ నందును, పిదప ఆర్యన్ సంఘమునందును ఆడెను. ఇట్లు పలు సంఘములు మారుట నాడు వింత కాదు. ఆటవలన జీవనము గడచు కాలము కాదది. స్కాట్లండునందు 1893లోనే ఆటగానికి బహిరంగముగ వేతనమిచ్చుట అంగీకరింపబడినది. కలకత్తాయందు మాత్రము క్రీడాకారుడు జీతము తీసికొనుట నియమవిరుద్ధము. మంచి ఆటగానికి రైల్వేలోనో, కస్టమ్స్ లోనో, పోలీసు శాఖలోనో ఒక చిన్న యుద్యోగము దొరకిన అదియే భాగ్యము. కస్టమ్స్ వారికిని రైల్వేవారికిని లీగునందు సొంత జట్లే ఉండెను. ఉదయము కచేరి, సాయంకాలము మైదానము, ఇది వారి దినచర్య.

ఈ విధముగ ఎనిమిదేండ్లు గడచెను. సలీం వయస్సు ముప్పదికి చేరెను. అంచున పరుగులు తీయు ఆటగానికి ముప్పదియేండ్లనగా ప్రొద్దు వాలుచున్న కాలము. అతని జీవితమున మధ్యాహ్నము అప్పుడే ప్రారంభమయ్యెను.

మహమ్మడన్ స్పోర్టింగు విజయములు

మహమ్మడన్ స్పోర్టింగు సంఘము 1891లో స్థాపింపబడినది. చిరకాలము క్రింది తరగతిలోనే ఉండి, 1934లో మొదటి తరగతి లీగునందు ప్రవేశించెను. కలకత్తా లీగు 1898లో ఆరంభమైనది. నాటినుండి 1933 వరకు ఒక్క భారతీయ జట్టయినను దానిని గెలువలేదు. మోహన్ బగాన్ వంటి మేటి సంఘమునకు సైతము ఆ ఫలము అందలేదు. అట్టిది, ప్రవేశించిన సంవత్సరముననే మహమ్మడన్ స్పోర్టింగు లీగు విజేతయయ్యెను. అంతటితో నాగక 1935, 1936, 1937, 1938 సంవత్సరములలోను వరుసగా గెలిచెను. ఐదేండ్లు ఎడతెగక లీగు గెలిచిన జట్టు అంతకుముందు మరియొకటి లేదు.

ఈ విజయములకు కారణములు స్పష్టముగనే కనబడుచున్నవి. సంఘపు కార్యకర్తలు కలకత్తాతో తృప్తిపడక బెంగుళూరు మొదలగు దూరప్రాంతములనుండి నేర్పరులను రప్పించిరి. గోలు కాచుటకు ఉస్మాన్, వెనుక నిలుచుటకు జుమ్మాఖాన్, ముందువరుసయందు రషీద్, రహమత్, అబ్బాస్ వంటివారు ఆ జట్టున కూడిరి. నేల తడిసిన దినములయందు తేలికబూట్లు వేసికొని ఆడు అలవాటును ఆ జట్టు అలవరచుకొనెను. వానలో వెనుకంజ వేయు పాత బలహీనత దీనివలన తగ్గెను. ఆ జట్టునందు కుడి అంచు సలీందే. 1934లో ఆర్యన్ సంఘమును విడిచి అతడు తిరిగి వచ్చి చేరినది ఈ సంఘముననే. మటియాబుర్జునుండి ఎనిమిదేండ్లక్రితము బయలుదేరిన బాటసారి ఇట్లు తన వారి మధ్యకే చేరుకొనెను.

ఆ జట్టు ఆడునాడు మైదానమునకు వచ్చు జనములో గుఱ్ఱపుబండ్లవారు, దర్జీలు, ఓడపనివారు, చిన్న దుకాణదారులు అసంఖ్యాకముగ ఉండిరి. నగరమున తమకొక గౌరవస్థానము కలదని వారికి తోచుటకు ఆ విజయములు తోడ్పడినవి.

చీనాజట్టుతో పోటీ, చెప్పకయే ప్రయాణము

1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు పోవుచున్న చీనా ఫుట్‌బాల్ జట్టు, దారి ఖర్చులు సంపాదించుకొనుటకై ఆసియాఖండపు నగరములలో ఆడుచు కలకత్తాకు వచ్చెను. భారతీయ జట్టుతో రెండు పోటీలు ఏర్పాటయ్యెను. మొదటి ఆటయందు సలీం కనబరచిన నేర్పు చీనావారిని సైతము ముగ్ధులను గావించెను. రెండవ ఆట దినము సమీపించెను. సలీం మాత్రము కనబడడయ్యెను. సంఘమువారు వెదకిరి. పత్రికలయందు ప్రకటన చేయించిరి. జాడ తెలియలేదు.

జరిగినది యేమనిన, సోదరవరుస యగు హాషీం అనునతడు విలాయతునుండి కలకత్తా వచ్చి సలీం ఆటను చూచెను. ఇట్టి ఆటగాడు ఐరోపాలో తన యదృష్టమును పరీక్షించుకొనవలసినదేయని పట్టుబట్టి, సలీంను వెంటనిడుకొని ఓడయెక్కెను. కైరో మీదుగ వారు లండను చేరి, కొన్ని దినములకు గ్లాస్గో నగరమునకు పోయిరి. చెప్పక వెడలిపోవుట తోడి యాటగాండ్రపట్ల న్యాయమా యని ప్రశ్నించినవారు ఆనాడును ఉండిరి. ఆ ప్రశ్నలో సత్యము లేకపోలేదు. ఎవరిని అడిగినను అనుమతి దొరకదను భయము కావచ్చును, అడుగుటకు తగిన ధైర్యము లేకపోవుట కావచ్చును. సలీం మితభాషి, బిడియస్తుడు.

ఆ వేసవియందు భారతీయ క్రీడాకారులు ఐరోపాలో పలుచోట్ల కానవచ్చుట గమనింపదగినది. విజయనగర మహారాజకుమారుడు నాయకుడుగా, సి.కె. నాయుడు మొదలగువారు సభ్యులుగా భారత క్రికెట్ జట్టు ఇంగ్లండులో పర్యటించుచుండెను. బెర్లిన్ నగరమున ధ్యాన్‌చంద్ నాయకత్వమున హాకీ జట్టు ఆగస్టు 15వ తేదీన జర్మనీని 8–1 గోళ్లతో ఓడించి స్వర్ణపతకము గైకొనెను. వారందరు దేశము పంపగా పోయినవారు. వారికి ఓడ ఖర్చులు, దుస్తులు, బస, స్వాగతము ఏర్పాటైయుండెను. సలీం వెనుక ఏ సంస్థయు లేదు. ఆయనకు ఉన్నవి రెండు పాదములు, తోడుగా ఒక బంధువు. ఆంగ్లభాష సైతము ఆయనకు రాదు.

గ్లాస్గో నగరమున

సెల్టిక్ సంఘము పుట్టుక విచిత్రమైనది. ఐర్లండునుండి కఱవువలన వలసవచ్చి గ్లాస్గో తూర్పుభాగమున దారిద్ర్యముతో పెనగులాడుచున్న కుటుంబముల పిల్లలకు అన్నము పెట్టుటకై, వాల్‌ఫ్రిడ్ అను క్రైస్తవ సన్న్యాసి 1887లో దానిని స్థాపించెను. ఆటలవలన వచ్చు ధనము అన్నదానమునకు వినియోగపడవలెనని ఆయన యుద్దేశము. అర్ధశతాబ్దిలో అది స్కాట్లండునందలి మేటి సంఘములలో నొకటి యయ్యెను. 1935–36 సంవత్సరపు లీగు విజేత సెల్టిక్. ఆ యొక్క సంవత్సరముననే జిమ్మీ మెక్‌గ్రోరీ అను వారి ముందువరుస వీరుడు లీగునందు ఏబది గోళ్లు వేసెను. సంఘ నిర్వాహకుడు విల్లీ మేలీ 1897నుండి ఆ పదవియందున్న వృద్ధుడు.

హాషీం ఈ మేలీని దర్శించి, భారతదేశమునుండి గొప్ప ఆటగాడు వచ్చియున్నాడనియు, పరీక్షించి చూడవలసినదనియు కోరెను. వచ్చినవాడు ఉత్తకాళ్లతో ఆడునని వినగానే మేలీకి నమ్మకము కుదరలేదు. అది సహజమే. ఇనుప మేకుల బూట్లతో, వృత్తిగా ఆడు బలాఢ్యులైన స్కాట్ల మధ్య వట్టికాళ్లవాడు నిలువగలడా? అయినను హాషీం పట్టు విడువలేదు. తుదకు పరీక్షకు ఒప్పుకొనిరి. సంఘసభ్యులును శిక్షకులును చూచుచుండగా సలీం బంతితో తాను నేర్చిన విద్యలను కొన్నింటిని ప్రదర్శించెను. చూచినవారు విస్మితులై, ఆయనను జట్టున ఆడింప నిశ్చయించిరి.

ఆ దినములనాటి ఛాయాచిత్ర మొకటి ప్రసిద్ధమైయున్నది. అందు సలీం కూర్చుండియుండగా, ఆయన పాదములకు సెల్టిక్ శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ కట్లు కట్టుచున్నాడు. ఈ మెక్‌మెనెమీ సామాన్యుడు కాడు. తన యౌవనమున సెల్టిక్ వరుసగా ఆరు లీగులు గెలిచిన కాలమందలి మహావీరుడు, నెపోలియన్ అను బిరుదు పొందినవాడు. అట్టివాడు, పరాధీనమైన దేశమునుండి వచ్చిన పేద ఆటగాని పాదముల చెంత మోకరిల్లి కట్లు కట్టుట చూచినప్పుడు, ఆటయందు జాతిభేదములు ఎంత సులభముగ కరగునో తెలియగలదు.

1936 ఆగస్టు 28వ తేదీన గాల్‌స్టన్ జట్టుతో జరిగిన అలయన్స్ లీగు ఆటయందు సెల్టిక్ 7–1 గోళ్లతో గెలిచెను. ఆ యేడింటిలో మూడు సలీం నడిపిన బంతుల ఫలితమే. పెనాల్టీ తన్నుమని ఆయనను కోరగా, బిడియమనుచు తిరస్కరించెను. హామిల్టన్ అకడమికల్ జట్టుతో జరిగిన ఆటయందును ఆయన ఆడెను. అందు సెల్టిక్ 5–1 గోళ్లతో గెలిచెను. మరునాటి స్కాట్లండు పత్రిక ఆయనను గారడీవానితో పోల్చెను. బంతి ఆయన కాలి బొటనవ్రేలిపై నిలిచి, చిటికెనవ్రేలికి ప్రాకి, ఎదుటివాని చుట్టు తిరుగునట్లు తోచెనని చూచినవారి వర్ణనము.

ఇచట ఒక సత్యమును మరువరాదు. ఈ రెండు ఆటలును సెల్టిక్ రెండవ జట్టు ఆడినవి. మెక్‌గ్రోరీ వంటివారున్న మొదటి జట్టునందు సలీం ఆడలేదు. చలికాలపు స్కాట్లండు నేల, మంచు, వడగండ్లు, బురద ఆయన ఉత్తకాళ్లను పరీక్షింపలేదు. నిలిచియున్న యెడల ఏమగునో ఎవరును చెప్పజాలరు. కథను చెప్పువారు కొందరు ఈ భాగమును విడిచి ఆయనను సెల్టిక్ మహావీరునిగ వర్ణింతురు. అట్టి యతిశయోక్తి ఆయనకు అవసరము లేదు. భాష తెలియని దేశమున, బూట్లులేని కాళ్లతో, ముప్పదిరెండవ యేట, మొదటి సాయంకాలముననే వేలజనము మెప్పు పొందుట చాలదా?

నిరాకరణము

సెల్టిక్ వారు సలీంను ఆ క్రీడాసంవత్సరమంతయు తమతో ఉండుమని కోరిరి. అనగా ఆటయే వృత్తిగా, వారమునకింతయని వేతనము. కలకత్తాలో ఏ ఆటగాడును బహిరంగముగ పొందజాలని స్థితి అది. జర్మనీనుండియు పిలుపు వచ్చెనని ఆయన కుటుంబమువారి కథనము. సలీం దేనికిని అంగీకరింపలేదు. ఇంటిపై బెంగ ఆయనను పట్టుకొనెను.

ఇంటిబెంగ యనిన తేలికగ తీసివేయువారు కలరు. పొట్టకూటికై ఊరు విడిచి, వేయిమైళ్ల దూరమున పరభాషల మధ్య కాపురము చేసిన వారికి మాత్రము అది యెట్టిదో వేరుగ చెప్ప నక్కరలేదు. ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు తిరుగులేనిది, పోవలసినదే. సలీంనకు అట్టి ఉత్తర్వు లేదు. పోవుటయు ఆయన ఇష్టమే, తిరిగివచ్చుటయు ఆయన ఇష్టమే. భాషరాక, ప్రతి మాటకు హాషీం ముఖము చూడవలసిన స్థితిలో, తన పేటవారి కేకలు వినబడని మైదానమున ఎంత గొప్పగ ఆడినను ఆయనకు తృప్తి కలుగలేదు. కలకత్తాలో ఆయన జట్టు లీగు గెలుచుచున్న కాలమది. తాను ఎవరి కొరకు ఆడుచున్నాడో అచ్చట ఆయనకు తెలియును.

సలీంను ఆపలేక, సెల్టిక్ వారు ఆయన గౌరవార్థము ఒక ధర్మార్థపు ఆటను ఏర్పాటుచేసి, వచ్చిన సొమ్ములో నూటికైదు వంతులు ఆయనకీయ నిశ్చయించిరి. ఆ భాగము ఎంత పెద్ద మొత్తమగునో సలీం ఎరుగడు. ఎరిగిన తరువాతను ఆయన మాట మార్చలేదు. ఆ ఆటకు ప్రత్యేకముగ ఆహ్వానింపబడు అనాథబాలురకు దానిని ఇచ్చివేయుమని చెప్పెనని ఆయన కుమారుడు తరువాత తెలియజేసెను. పేదపిల్లల అన్నము కొరకు పుట్టిన సంఘమునకు, పేదపేటనుండి వచ్చిన అతిథి ఇంతకన్న తగిన కానుక ఈయజాలడు.

తిరిగి కలకత్తా

సలీం వచ్చి మహమ్మడన్ స్పోర్టింగునందే చేరెను. చెప్పక వెడలినందులకు ఆయనపై తలుపులు మూయబడలేదు. 1937, 1938 సంవత్సరపు లీగు విజయములతో ఆ జట్టు ఐదేండ్ల మహోన్నత దశ పూర్తియయ్యెను. సలీం ఆటకాలమును దానితోనే ముగిసినదని చెప్పవచ్చును. 1940లో అదే సంఘము డ్యూరాండు కప్పును గెలిచి, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ పౌరజట్టుగ వాసికెక్కెను. ఆ విత్తనములు నాటినవారిలో సలీం ఒకడు.

ఉత్తకాళ్ల యుగమును ఆయనతో పాటు నెమ్మదిగ అస్తమించెను. 1948 లండను ఒలింపిక్ క్రీడలయందు భారతీయులు పలువురు ఉత్తకాళ్లతో ఆడి ఫ్రాన్సునకు 2–1 గోళ్లతో ఓడిరి. దొరకిన రెండు పెనాల్టీలును వ్యర్థమయ్యెను. చూచినవారు వారి నేర్పును మెచ్చుకొనిరి. కాని 1952లో హెల్సింకియందు, చలిదేశపు నేలపై యుగోస్లావియా 10–1 గోళ్లతో మన జట్టును ఓడించినప్పుడు ఇక బూట్లు లేక సాగదని అందరికి తెలిసెను. ఆ మార్పునకు నాయకత్వము వహించినవారిలో అగ్రగణ్యుడు హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణమున భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు నాల్గవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు స్వర్ణపతకమును పొందెను. ఉత్తకాలి మృదువైన స్పర్శను పోగొట్టుకొనకయే బూటుతో ఆడుట నేర్పిన గురువాయన.

దక్షిణాదినుండి కలకత్తాకు ఆటగాండ్ర రాకయు ఎడతెగలేదు. మహమ్మడన్ వారు వేసిన బాటనే ఈస్ట్ బెంగాల్ వారును త్రొక్కిరి. వెంకటేష్, అప్పారావు, ధన్‌రాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను దక్షిణాది ఐదుగురిని కలకత్తా జనము పంచపాండవులని పిలిచెను. 1949, 1950, 1951 సంవత్సరములలో ఆ సంఘము వరుసగ మూడుమార్లు షీల్డును గెలిచెను. సికింద్రాబాదు ప్రాంతమున పుట్టిన తులసీదాస్ బలరాం పిదప అదే సంఘమునకు వన్నె తెచ్చి, 2023లో కలకత్తాలోనే కన్నుమూసెను. సలీం కలకత్తానుండి పోయి తిరిగివచ్చెను. వీరు తమ యూళ్లనుండి వచ్చి కలకత్తాను ఇల్లుగ చేసికొనిరి. రెండును గౌరవింపదగిన మార్గములే.

చివరి దినములు

ఆట విడిచిన పిదప సలీం సామాన్యునివలె జీవించెను. వార్ధక్యమున రోగగ్రస్తుడై యుండగా, ఆయన కుమారుడు సెల్టిక్ సంఘమునకు ఒక ఉత్తరము వ్రాసెను. తండ్రి అస్వస్థుడుగ నున్నాడనియు, వైద్యమునకు ధనము కావలెననియు అందులోని విషయము. నిజమునకు ధనము ఆ కుమారుని యుద్దేశము కాదు. దశాబ్దముల క్రితము రెండు సాయంకాలములు ఆడిపోయిన తన తండ్రిని అచ్చట ఎవరైనను జ్ఞాపకముంచుకొనిరా యని తెలిసికొనవలెనను కోరిక.

గ్లాస్గోనుండి ప్రత్యుత్తరము వచ్చెను. దానితో నూరు పౌనుల బ్యాంకు డ్రాఫ్టు కలదు. ఆ కుటుంబము దానిని సొమ్ముచేసికొనలేదు. కలిగిన కుటుంబము కాకపోయినను, ఆ కాగితమును గౌరవచిహ్నముగ భద్రపరచుకొనిరి. తన భాగమును అనాథలకు ఇచ్చివేసిన తండ్రికి తగిన కుమారుడని చెప్పవలెను.

1980 నవంబరు 5వ తేదీన మహమ్మద్ సలీం పరమపదించెను.

ఒక క్రీడాకారుని జీవితమును తూచుటకు లోకము సామాన్యముగ గోళ్ల సంఖ్యను, ఆడిన యాటల సంఖ్యను, పొందిన వేతనమును తక్కెడలో పెట్టును. ఆ తక్కెడలో సలీం గ్లాస్గో యాత్ర మిక్కిలి తేలికయైనది. రెండు ఆటలు, అదియును రెండవ జట్టున. అయినను అర్ధశతాబ్ది సమీపించుచుండగ ఆ సంఘము ఆయనను మరువలేదు. కలకత్తా జనమునకు ఆయన ఐదేండ్ల విజయములలో భాగస్వామిగ, తమ పేటనుండి బయలుదేరి తమ పేటకే వచ్చిన మనిషిగ మిగిలెను. పరదేశమున నిలిచి ధనము సంపాదించుట తప్పు కాదు. అందులకు తగిన నేర్పు ఉండియు, తన స్థానమెచ్చట నున్నదో తెలిసికొని మరలివచ్చుటయు ఓటమి కాదు. కాళ్లకు బూట్లు లేకపోయినను, తాను నిలువవలసిన నేల ఏదో ఎరిగిన క్రీడాకారుడు సలీం. ఆయన స్మృతి చిరస్థాయిగ నిలుచుగాక.